నూట ముప్పై ఏడో చెవి

“ఒట్టి చెవి గదా అడిగేది. మొగం గూడా అడగలే. మీకు పొయ్యేదేముండాది?”

నటేశన్ నగర్‌లో ఇల్లిల్లూ ఎక్కి దిగి ఈ మాట చెప్పింది కన్నియమ్మాళే. ఇంకెవరో చెప్పారని ఇప్పుడు తప్పించుకోవడానికి లేదు. తమిళం మాట్లాడే ఆ ఊళ్ళో, ఆమె ఉండే వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఇరవై ఏడు. అన్నీ తాతల కాలం నుంచి అక్కడే పాతుకుపోయినవే. ఆ ఇరవై ఏడు గడపల్లోనూ ఆమె మాటంటే మాటే. ఊళ్ళో ఒక పెద్దాసుపత్రిలో, చచ్చినవాళ్ళను కోసి చూసి ఎట్లా చచ్చారో రాసిచ్చే డిపార్ట్‌మెంట్‌లో ఆమె ఇరవై ఆరేళ్ళుగా అటెండరు. వీధివాళ్ళు దాన్ని పీనుగుల ఆఫీసు అంటారు. అట్లా అంటూనే, ఎవరింట్లో ఏ కాగితం పని పడినా ముందు ఆమె తలుపే తడతారు.

ఈ చెవుల గోల తెచ్చింది డాక్టర్ జయప్రియ. చెన్నై నుంచి కొత్తగా వచ్చింది, ముప్పై అయిదేళ్ళు దాటవు, పని తప్ప ఇంకో యావ లేదు. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషే అయివుంటే కన్నియమ్మాళ్ ఆమె మాటను అంతగా నెత్తిన పెట్టుకొనేది కాదు. కన్నియమ్మాళ్‌ను కూర్చోబెట్టి, తోటి డాక్టరుకు చెప్పినంత ఓపికగా తమిళంలో విడమరిచి చెప్పింది. పుట్టినప్పుడు చెవి ఏ ఆకారంలో ఉంటుందో పోయేదాకా అదే ఆకారమట, పెరుగుతుందే తప్ప మారదట. ఒకరి చెవి ఇంకొకరికి ఉండదట. తప్పు చేసినవాడు మొహానికి గుడ్డ కట్టుకుంటాడు, చేతులకు తొడుగులు వేసుకుంటాడు, చెవి సంగతి మరిచిపోతాడట. సముద్రంలో నాని మొహం చెడిపోయిన పీనుగను కూడా చెవిని బట్టి ఫలానా మనిషి అని చెప్పొచ్చునట. అందుకు ముందుగా బతికున్నవాళ్ళ చెవులు కొలతలతో సహా కంప్యూటర్‌లో పెట్టుకోవాలి. నాలుగు వందల మంది కావాలి, అందరూ ఈ ఊరివాళ్ళే అయితే మంచిది అంది.

నాలుగు వందల మంది ఎక్కడ దొరుకుతారు? పీనుగుల ఆఫీసుకు బతికున్నవాళ్ళు ఎవరొస్తారు? కన్నియమ్మాళ్ రమ్మంటే ఆ వీధివాళ్ళూ, చుట్టుపక్కల వీధులవాళ్ళూ వచ్చారు.

ఆదివారం ఆదివారం ఆ వెనక గదిలో తిరునాళ్ళే. స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కింద ఇనుప కమ్మీ ఆనించి, జుట్టును క్లిప్పులతో ఎత్తి కట్టి, చెవి పక్కన చిన్న స్కేలు అంటించి ఫోటో తీసేవాళ్ళు. కుడిది ఒకటి, ఎడమది ఒకటి. ఆ తర్వాత సంతకం, ఒక టీ, ఒక స్టీలు డబ్బా. కమ్మలు తీయమంటే ముసలమ్మలు సిగ్గుపడి చచ్చారు. “మా ఆయన గూడా ఇంత దగ్గరికి వచ్చి చూళ్ళేదమ్మా నా చెవిని” అని ఒకావిడ అంటే, డాక్టరమ్మకు తెలుగు అర్థం కాకపోయినా అందరితో పాటు నవ్వింది. అప్పట్లో కన్నియమ్మాళ్‌కు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇరవై ఆరేళ్ళు తలుపులు తీసి, టీలు మోసి, నేల కడిగిన మనిషికి ఒక శాస్త్రంలో చెయ్యి ఉండడం అదే మొదలు.

ఆ లెక్కకు ఒక నియమం ఉంది. ఒక రక్తానికి ఒక్కరే రావాలి. అన్నదమ్ములు కూడదు, పెదనాన్న చిన్నాన్నల పిల్లలు కూడదు, మేనత్త మేనమామల పిల్లలూ కూడదు. ఒకే కుటుంబంలో చెవులు పోలికగా ఉంటాయి, అవి కలిస్తే లెక్క చెడిపోతుందని డాక్టరమ్మ భయం. ఆ భయం మంచిదే. కానీ ఆ భయాన్ని ఏ గుమ్మం దగ్గర ఆపాలో ఆమెకు తెలియలేదు.

కన్నియమ్మాళ్ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. పక్కింటి పట్టమ్మాళ్ ఆమెకు రెండు వైపుల నుంచీ వదినే. కన్నియమ్మాళ్ అన్న అణ్ణాదురై పట్టమ్మాళ్‌ను చేసుకున్నాడు. పట్టమ్మాళ్ తమ్ముడు పురుషోత్తమన్ కన్నియమ్మాళ్‌ను చేసుకున్నాడు. ఒకే రోజు, ఒకే పందిట్లో, ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికీ ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికీ ఇచ్చి పుచ్చుకున్నారు. కుండమార్పిడి పెళ్ళి అంటారు దీన్ని. రెండిళ్ళకూ మధ్య గోడలో ఒక తలుపు పెట్టుకున్నారు, ఏనాడూ గడియ వేసిన పాపాన పోలేదు. నాలుగు నెలల తేడాతో ఆ ఇంట్లో గుణశేఖరన్, ఈ ఇంట్లో నవనీత్ పుట్టారు. అవ్వాతాతలు నలుగురూ ఇద్దరికీ వాళ్ళే. కాళియప్పన్ తాత చెవి ఇద్దరికీ దిగింది, పైఅంచు లోపలికి మడుచుకొని, తమ్మె చెంపకు అతుక్కుపోయి. ఒకే రోజు ఒకే కంసాలి ఆచారి ఇద్దరికీ చెవులు కుట్టాడు. ఆనవాయితీ ప్రకారం మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి కదా, గుణ పురుషోత్తమన్ ఒళ్ళో, నవనీత్ అణ్ణాదురై ఒళ్ళో కూర్చున్నారు. ఆచారికి అప్పటికే చూపు మందగించింది. నాలుగు తమ్మెలకూ నాలుగు కంతలు కాస్త కిందికి దిగి పడ్డాయి. పెద్దయ్యాక పోగులు తీసేశారు, కంతలు పూడి చిన్న సొట్టలు మిగిలాయి.

“మా అన్న కొడుకొకడు, నా కొడుకొకడు ఉండారు మేడమ్. ఇద్దర్నీ పిలిచేదా?” అని కన్నియమ్మాళ్ అడిగింది.

“ఇద్దరూ వద్దు. ఎవరో ఒకర్ని తీసుకురండి” అని డాక్టరమ్మ లాప్‌టాప్ మీది నుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

గుణను తీసుకెళ్ళింది. నవనీత్‌కు ఆదివారం కూడా బండ్ల రిపేరు షాపులో పని అని వదినకు చెప్పింది. అది నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఆ ఆఫీసులో పేరు రాసిన కాగితం ఏదైనా ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఏదో ఒక రోజు బయటికి వస్తుందని ఆమెకు తెలుసు. ఎన్నిసార్లో చూసింది. వీధి మొత్తానికీ పొయ్యేదేముంది అని చెప్పిన నోరే, కొడుకు దగ్గరికి వచ్చేసరికి వద్దు అనుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తానే గట్టిగా చెప్పుకోలేదు. రిజిస్టర్‌లో నూట ముప్పై ఏడో నంబరు కింద మేనల్లుడి పేరు రాసింది కూడా ఆమె చెయ్యే. ఇంగ్లీషు అంకెలు ఆమెకు గుండ్రంగా వస్తాయి.

ఇది జరిగి ఏడాది దాటాక, ఒక బుధవారం మధ్యాహ్నం సోలై నగర్ జయమ్మాళ్‌ను బండి కొట్టేసింది. జయమ్మాళ్ చేపలమ్ముకునే మనిషి. కాలాపేటలో గంప ఖాళీ చేసుకొని, ఇంటికి రావడానికి బస్సు కోసం రోడ్డు దాటుతుంటే ఎర్రబండి ఒకటి వచ్చి ఈడ్చేసింది. బండివాడు ఒక్క క్షణం ఆగాడు, వెనక్కి చూశాడు, వెళ్ళిపోయాడు. రెండో రోజు ఆమె పోయింది. పీనుగ కన్నియమ్మాళ్ ఆఫీసుకే వచ్చింది. కూతురు కళైసెల్వి బయట మెట్ల మీద కూర్చొని గొంతు పోయేదాకా ఏడ్చింది. కన్నియమ్మాళే నీళ్ళు తెచ్చి తాగించింది, వీపు నిమిరింది.

“ఊరుకో తల్లీ. తొక్కేసి పొయ్యినోడు బాగుపడడు. వాడు గన్న తల్లి గూడా ఇట్లనే కూర్చొని ఏడస్తాది, చూడు” అంది.

నోటికి అడ్డూ అదుపూ ఉండాలి మనిషికి.

వారం తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు డాక్టరమ్మ గదికి వచ్చాడు. చెవి కూడా వేలిముద్ర లాంటిదేనని ఆమె గురించి తమిళ పేపరులో ఫోటోతో సహా వచ్చింది, అది చదివి వచ్చాడు. కాలాపేట రోడ్డు పక్క టీ కొట్టు కెమెరాలో పడిన బొమ్మ తెచ్చాడు. బండి నంబరు కనబడలేదు. బండివాడు కళ్ళ దాకా చేతిరుమాలు కట్టుకున్నాడు, హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నాడు. వెనక్కి తిరిగి చూసిన ఆ ఒక్క క్షణంలో కుడి చెవి మాత్రం స్పష్టంగా పడింది.

కన్నియమ్మాళ్ టీ ట్రే పట్టుకొని లోపలికి వచ్చేసరికి కంప్యూటర్ నాలుగు వందల పన్నెండు మంది చెవుల్ని వెతికి ఒకదాని దగ్గర ఆగి ఉంది. డాక్టరమ్మ మొహం పరీక్ష పాసయిన పిల్ల మొహంలా ఉంది.

“కన్నియమ్మాళ్, నూట ముప్పై ఏడు ఫైలు తీసుకురండి.”

తీసుకొచ్చింది. తెచ్చి బల్ల మీద పెడుతూ తెర వంక చూసింది. పక్కపక్కనే రెండు చెవులు. మడుచుకున్న అదే పైఅంచు, అతుక్కుపోయిన అదే తమ్మె, కిందికి దిగిన అదే సొట్ట. ఒక చెవి గుణది. రెండోదాని పైఅంచులో, గోరుతో గిల్లినంత చిన్న కోత ఉంది.

తొమ్మిదేళ్ళప్పుడు సముద్రపు ఒడ్డున గాలిపటం మాంజా కోసిన కోత అది. రెండు కుట్లు వేశారు. ఎన్ని వందల సార్లు తలంటిందో ఆ చెవికి, ఆ కోతలో నూనె ఎట్లా నిలుస్తుందో కూడా ఆమెకు తెలుసు. అది నూట ముప్పై ఏడు కాదు. దానికి అసలు నంబరే లేదు.

“మేడమ్, ఈ పైన ఈ గీత ఏంది?” అని అడిగింది.

“అదా? కెమెరా లోపం. చుక్కలు విరిగిపోతాయి అట్లా. నీడ కూడా కావచ్చు” అంది డాక్టరమ్మ. ఆ మాట తర్వాత రిపోర్టులో కూడా రాసింది. “కొలతలు చూడండి సార్, పన్నెండింట్లో పదకొండు కలిశాయి. నా దగ్గరున్న వాళ్ళలో ఇట్లాంటి చెవి ఇంకొకటి లేదు.”

ఇంకొకటి లేదు, నిజమే. ఎవరో ఒకర్నే తెమ్మని తనే చెప్పిన సంగతి డాక్టరమ్మకు గుర్తు లేదు. ఆ రోజు మీరు ఇంకొకర్ని వద్దన్నారు కదా మేడమ్ అన్న ఒక్క మాట కన్నియమ్మాళ్ నాలుక చివరి దాకా వచ్చింది. ఆ గీత సంగతి అడిగాను, వాళ్ళే కెమెరా లోపమన్నారు అనుకుంది. అట్లా అనుకోగానే ఎంత తేలికైందో, ఆ తేలికకు తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో చెప్పలేను. ఖాళీ గ్లాసులు ట్రేలో పెట్టుకొని బయటికి వచ్చింది.

సాయంత్రం నవనీత్ పెరట్లో కిరసనాయిలుతో చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. మోచేతికి కట్టు ఉంది. షాపులో జారి పడ్డానని వారం కిందట చెప్పాడు, ఆమె పసుపు రాసింది.

“పోయిన బుధవారం మధ్యాన్నం యాడికి పోయింటివి?”

వాడు చెయ్యి కడగడం ఆపాడు.

“కస్టమరు బండి. ట్రయలు చూస్తా అట్లనే కాలాపేట దాకా పోయినా. ఆ యమ్మ బస్సు యెనకాల నుంచి వచ్చేసిందమ్మా. ఆపాలనే అనుకున్నా. ఆపినా గూడా. అందరూ పరిగెత్తి వస్తా ఉండారు. భయమేసి...”

“వాళ్ళు గుణాని పట్టుకోబోతా ఉండారు రా.”

వాడు దిగ్గున లేచాడు. “గుణానా? వాడెందుకు? వాడు ఆ పొద్దు ఇంట్లో నిద్రపోతా ఉండె గదా. నేను పోయి చెప్పేస్తా. ఇప్పుడే పోతా.”

చూశారా, పిల్లవాడిలో ఆ మాత్రం మంచి ఉంది. చెప్పులు కూడా వేసుకున్నాడు. గోడ తలుపు అవతల పట్టమ్మాళ్ వంటింట్లో తాలింపు వేస్తున్న చప్పుడు వినబడుతోంది. కన్నియమ్మాళ్ వెళ్ళి ఆ తలుపు దగ్గరికి వేసి, కొడుకు రెండు భుజాలూ పట్టుకొని కూర్చోబెట్టింది.

“నోరు మూసుకో. వాడు చెయ్యలేదు గదా, వాడికేమీ కాదు. విచారిస్తారు, విడిచిపెట్టేస్తారు. నువ్వు నిజంగా చేసినావు. నిన్ను విడిచిపెట్టరు.”

వాడు కూర్చున్నాడు. ఆ మాట మళ్ళీ వాడు అనలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. వాడు జుట్టు కత్తిరించుకోవడం మాత్రం మానేశాడు.

గుణశేఖరన్ కరెంటు లైన్ల మీద కాంట్రాక్టు పని చేసేవాడు, రోజూ కాలాపేట రోడ్డు మీదే తిరుగుడు. వాడికీ ఎర్రబండి ఉంది. బుధవారం పొద్దున దాకా డ్యూటీ చేసి వచ్చి, మధ్యాహ్నమంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. సాక్ష్యం చెప్పేవాడు ఒక్కడూ లేడు. సర్కారు పనికి పరీక్ష రాసి పాసయ్యాడు, ఆర్డరు రావడమే తరువాయి. పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు, బెయిలు దొరికింది, ఇంటికి వచ్చాడు. కేసు తేలేదాకా ఆర్డరు లేదన్నారు. కాంట్రాక్టరు రావద్దన్నాడు. శిక్ష పడితే సర్కారు పని ఈ జన్మకు లేనట్టే, పైగా అయిదేళ్ళ దాకా జైలు పడొచ్చని లాయరు చెప్పాడు.

ఏడాదిన్నర నడిచింది. ఆ ఏడాదిన్నరా గుణ గోడ అవతల కూర్చునే ఉన్నాడు. కన్నియమ్మాళ్‌కు అది జైలు కంటే అన్యాయంగా ఉండేది, జైల్లో ఉంటే కనీసం కళ్ళ ముందు ఉండడు. బజారుకు వెళ్తే సోలై నగర్ ఆడవాళ్ళు వాడి వంక చూసి ఉమ్మేవాళ్ళు. వాడు ఎదురు మాట్లాడేవాడు కాదు. ఇంటికి వచ్చి నవనీత్ పక్కన కూర్చొని ఒకే కంచంలో తినేవాడు. పట్టమ్మాళ్ ఇద్దరికీ ముద్దలు కలిపి పెట్టేది, చిన్నప్పటి అలవాటు. కన్నియమ్మాళ్ డ్యూటీకి పోతే ఇద్దర్నీ పెంచింది ఆవిడే కదా.

“చెవి చూసి మనిషిని పట్టుకుంటారంట. ఏం చదువో ఏం శాస్త్రమో” అని పట్టమ్మాళ్ అన్నం కలుపుతూ అనేది. ఒక్కసారి కూడా మరదల్ని నిష్ఠూరమాడలేదు. “నీకేం తెలుసు కన్నీ, నువ్వు మంచికే గదా పిలిచినావు.” ఆవిడ నాలుగు తిట్లు తిట్టి ఉంటే కన్నియమ్మాళ్ ఏదో ఒక రోజు బద్దలయ్యేదేమో. తిట్టలేదు. అంత నమ్మకం ఎదురుగా కూర్చుంటే నోరెట్లా పెగులుతుంది?

కోర్టులో పిలుపు వచ్చింది. కన్నియమ్మాళ్ పోలీసు వైపు సాక్షి. ఆమెను పిలిచింది చిన్న పనికే. రిజిస్టర్ తనదే, సంతకం తన ముందే పెట్టాడు, ఫోటో తన ముందే తీశారు అని చెప్తే చాలు. ఆమెకు ముందు డాక్టరమ్మ చెప్పింది. రెండు చెవుల్ని పెద్దవి చేసి అట్టకు అంటించి తెచ్చి, జడ్జిగారి వైపు తిప్పి నిలబెట్టి, పుల్లతో చూపిస్తూ చెప్పింది. నాలుగు వందల పన్నెండు మందిలో ఇట్లాంటిది ఇంకొకటి లేదంది. రక్తసంబంధీకుల్ని పోల్చి చూశారా అని గుణ లాయరు అడిగాడు.

“మా పద్ధతిలో ఒక కుటుంబం నుంచి ఒకరినే తీసుకుంటాం. ఆ విషయంలో చాలా కట్టుదిట్టంగా ఉన్నాం” అని ఆమె చెప్పింది. ఆ కట్టుదిట్టాన్ని మెచ్చుకున్నట్టు జడ్జిగారు తల ఊపి రాసుకున్నారు.

కన్నియమ్మాళ్ బోను ఎక్కి రిజిస్టర్ గురించి చెప్పాల్సింది చెప్పింది. దిగబోతుంటే గుణ లాయరు లేచాడు. అతనికి ఆ ప్రశ్న చెప్పి పెట్టింది పట్టమ్మాళ్. మా మరదల్ని అడగండి, పసిబిడ్డప్పట్నుంచి చూసింది, ఆమె అబద్ధం చెప్పదు అని వారం రోజులుగా అతని ప్రాణం తీసింది. తన దగ్గరున్న జిరాక్సులో చెవి నల్లటి మరకలా ఉంది తప్ప ఏమీ తెలియదు కాబట్టి, లాయరు కూడా అదే దారి పట్టాడు.

“అమ్మా, మీరు ఈ అబ్బాయికి మేనత్త. పుట్టినప్పట్నుంచి చూస్తున్నారు. రిపోర్టు సంగతి పక్కన పెట్టండి. ఆ కెమెరా బొమ్మలో ఉన్న చెవి గుణశేఖరన్‌దేనా?”

అట్ట ఆమెకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. చెవి ఆమె మొహమంత ఉంది. కోత కూడా అంత పెద్దదయింది. రెండు కుట్ల మచ్చలు కూడా కనబడుతున్నాయని ఆమెకు అనిపించింది. బెంచీ మీద పట్టమ్మాళ్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, ధీమాగా ఆమె వంకే చూస్తోంది. కాదు అంటే, మరి ఎవరిది అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న వినడానికి ఆమె సిద్ధంగా లేదు.

“వాడిదే” అంది.

లాయరు చేతిలో కాగితాలు బల్ల మీద పడేసి కూర్చున్నాడు. ఆమె దిగి, ఎవరి వంకా చూడకుండా నడుచుకుంటూ వరండాలోకి వచ్చేసింది.

కాసేపటికి గుణ వచ్చాడు, చేతిలో నీళ్ళ సీసా ఉంది. ఎదురుగా నిలబడి మూత తీసి ఇచ్చాడు.

“ఎండగా ఉండాది, తాగు అత్తా.” మూత వేళ్ళ మధ్య తిప్పుతూ అన్నాడు. “నువ్వు గూడా నాదే అంటివి గదా. కంప్యూటరు పొరపాటు అనుకుంటిని ఇన్నాళ్ళూ. నువ్వయితే పొరపాటు పడవు. నిద్ర మబ్బులో లేచి పోయింటానేమో అత్తా. నాకే గ్యాపకం లేదేమో.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. వాడు నిజంగానే అడుగుతున్నాడు. కన్నియమ్మాళ్ సీసా ఎత్తి గటగటా తాగింది, సగం నీళ్ళు చీర మీద పడ్డాయి.

పట్టమ్మాళ్ ఇంకా బయటికి రాలేదు. లోపల కోర్టు బంట్రోతు అట్టను తీసుకెళ్ళి గోడకు ఆనించాడు. అప్పుడు అది మొదటిసారి బెంచీల వైపు తిరిగింది. ఆవిడ లేచి దగ్గరికి వెళ్ళింది. చదువు లేదు, కొలతలు తెలియవు. చూపుడు వేలితో ఆ చెవి పైఅంచును మెల్లగా తడిమింది. బంట్రోతు ముట్టుకోవద్దని కసిరాడు. ఆవిడ వేలు తీసేసి వచ్చేసింది.

వరండా మెట్ల కింద నవనీత్ అందర్నీ ఇంటికి తీసుకెళ్ళడానికి ఆటో మాట్లాడి నిలబడి ఉన్నాడు. పట్టమ్మాళ్ మరదల్ని దాటుకొని, కొడుకును దాటుకొని, నేరుగా నవనీత్ దగ్గరికి వెళ్ళింది. భుజాల దాకా పెరిగిన వాడి జుట్టును రెండు వేళ్ళతో పట్టుకొని, కుడి చెవి వెనక్కి తోసింది. చూసింది.

“రెండు కుట్లు ఏసినారు” అంది, ఎవరితోనో చెప్తున్నట్టు. “నా ఒళ్ళోనే గదా పండుకోనుండె. అత్తా అత్తా అని అరిచినాడు. నువ్వు డూటీలో ఉంటివి కన్నీ.”

లాయరు ఫైలు చంకలో పెట్టుకొని మెట్లు దిగి వస్తున్నాడు. పట్టమ్మాళ్ అతని చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి, వాడి చెవి చూపించింది. అతను వంగి చూశాడు. ఒకసారి నవనీత్ మొహం, ఒకసారి గుణ మొహం చూశాడు. సంగతి అతనికి అర్థమయింది. అర్థమయి, తల అడ్డంగా ఊపాడు.

“ఈ కోత కెమెరా లోపమని రిపోర్టులో ఉందమ్మా. పైగా ఇప్పుడే మీ మరదలు ప్రమాణం చేసి వాడిదే అని చెప్పింది. తల్లివి కాబట్టి నువ్వు ఏమైనా చెప్తావు అంటారు. ఆమె మళ్ళీ బోనెక్కి, అది గుణ చెవి కాదు, ఈ చెవి అని చెప్పాలి. ఆమె చెప్తే కుదురుతుంది. జడ్జిగారు ఇంకా లోపలే ఉన్నారు.”

అందరూ కన్నియమ్మాళ్ వంక తిరిగారు. గుణకు ఇంకా ఏమీ అర్థం కాలేదు, సీసా మూత చేతిలో పట్టుకొని ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. పట్టమ్మాళ్ ఏడవలేదు, అడగలేదు, దండం పెట్టలేదు. నవనీత్ జుట్టును అట్లాగే పైకెత్తి పట్టుకొని నిలబడింది, చెవి అందరికీ కనబడేటట్టు.

కన్నియమ్మాళ్ మెట్లు దిగి వచ్చింది. వదిన వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించింది. కొడుకు జుట్టును అరచేత్తో సాపు చేసి, మళ్ళీ చెవి మీదికి దువ్వింది. చిన్నప్పుడు తలంటాక నిలబడినట్టే వాడు తల వంచి దువ్వించుకున్నాడు.

“ఆటో ఆయన కాచుకోనుండాడు. ఎక్కండి” అంది.